ఖందక్ క్లబ్ అధ్యక్షరు

ఫైనలుకు ఆటగాళ్ళను తీసుకుపోతున్న క్లబ్బు బస్సు గంజ్ మలుపు తిరిగి శక్తినగర్ రోడ్డెక్కింది. డ్రైవరు వెనక మొదటి సీట్లో, కిటికీ పక్కన, ఇన్నేళ్ళుగా కూర్చునే చోటనే కూర్చున్నాడు గోపాలయ్య. ఒళ్ళో ఒక స్టీలు డబ్బా. మూత మీద చుక్కలు చుక్కలుగా కొట్టించిన భార్య పేరు, అంబుజ. కళ్ళు మూసుకున్నా వేలి కింద ఆ అక్షరాలు తెలుస్తూనే ఉన్నాయి. ఈ డబ్బా తన ఇంట్లో, వంటింటి గూట్లో ఉండాలి. బస్సు కదలబోయే ముందు శరణబసవ భార్య సుమంగళ కిటికీ కిందికొచ్చి, నవ్వుకుంటూ చేతికందించింది. "అమ్మ మొన్న మా ఇంటికొచ్చినప్పుడు మరిచిపోయి పోయిన్రు అధ్యక్షరే. హోళిగెలు శానా మంచిగుండెనని చెప్పుండ్రి." అంతే అన్నది, పిచ్చి పిల్ల, ఆమెకేం తెలుసు. కానీ బస్సు మీదికి బంతుల సంచి ఎత్తుతున్న శరణబసవ చేతులు గాలిలోనే ఆగిపోయాయి. భార్యను చూశాడు, డబ్బాను చూశాడు, ఆ తర్వాత గోపాలయ్య ముఖం చూడకుండా తల పక్కకు తిప్పుకున్నాడు. ఆ తల తిప్పుకోవడంతో అన్నీ తెలిసిపోయాయి. ఉడికిన అన్నం ఒక మెతుకు పట్టి చూస్తే చాలు కదా. అంబుజ ఎవరింటికీ పోదు. చుట్టాల పెళ్ళిళ్ళకే మోకాళ్ళ సాకు చెప్పి తప్పించుకునే మనిషి. అలాంటిది పూర్ణం కూరి హోళిగెలు చేసుకొని, డబ్బాలో పెట్టుకొని, తనకు చెప్పకుండా, శరణబసవ ఇంటికి పోయింది. ఎన్నికకు ముందు పోయింది. ఈ పొద్దున శరణబసవ ఎన్నికలోంచి తప్పుకున్నాడు.

పొద్దున. స్టేషన్ రోడ్డులో బడి హాలు, కిటికీలకు రెక్కల్లేని హాలు, గోడకు పిల్లలు గీసిన కర్ణాటక పటం. క్లబ్బు సభ్యులంతా బెంచీల మీద కూర్చున్నారు. ఎప్పుడూ సగం మంది కూడా రారు, ఈ సారి నిలబడటానికి చోటు లేదు. ఎందుకొచ్చారో గోపాలయ్యకు తెలుసు, తెలిసినా తెలియనట్టు అందరి భుజాలు తట్టుకుంటూ లోపలికి నడిచాడు. ఖందక్ ఫుట్‌బాల్ క్లబ్బుకు అధ్యక్షుడంటే గోపాలయ్యే, రాయచూర్‌లో కూరగాయలమ్మే ఆడవాళ్ళు కూడా పేరు పెట్టి పిలవరు, అధ్యక్షరే అంటారు. ఆ పిలుపు మీద మొదటి సారి ఇంకొకడు పోటీకి నిలబడ్డాడు. శరణబసవ, తన చేతుల్లో పెరిగినవాడు, తానే క్లబ్బుకు కెప్టెన్ చేసినవాడు, మోకాలు పోయినంక కోచ్ చేసినవాడు. చేతులెత్తే సమయానికి శరణబసవ లేచి నిలబడి, నేను తప్పుకుంటున్న, అధ్యక్షరే ఉండాలె, అని కూర్చున్నాడు. హాలు ఒక్క క్షణం నిశ్శబ్దమైపోయింది. తర్వాత చప్పట్లు. ఆ నిశ్శబ్దాన్ని అప్పుడు గౌరవమనుకున్నాడు గోపాలయ్య. అక్కడితో ఆగి ఇంటికి పోయుంటే బాగుండేది. పోలేదు. మైకు పట్టుకున్నాడు. వారం రోజులుగా స్నానాల గదిలో అద్దం ముందు సాధన చేసిన ఉపన్యాసం, ఓడిపోతే చెప్పాల్సింది ఒకటి, గెలిస్తే చెప్పాల్సింది ఒకటి, ఆ రెండోది మొత్తం చెప్పాడు. చెప్పి, దిగొచ్చి, అందరూ చూస్తుండగా శరణబసవ భుజం మీద చెయ్యి వేసి, "నీకింకా వయసుంది బిడ్డా. ఓపిక పట్టు. నన్ను చూసి నేర్చుకో" అన్నాడు.

నన్ను చూసి నేర్చుకో. బస్సు కుదుపులో ఆ మాట కడుపులోంచి మళ్ళీ పైకొచ్చింది, పులిసిన మజ్జిగ తేన్పులాగా. అతను ఏమన్నాడు? సరే అధ్యక్షరే అన్నాడు. యాభై దగ్గర పడుతున్న మనిషి, తలలో సగం తెల్లవెంట్రుకలు, బిడ్డా అని పిలిపించుకొని, దానం పుచ్చుకున్నవాడి చేతనే పాఠం చెప్పించుకొని, సరే అన్నాడు. గోపాలయ్య కిటికీ అద్దం పక్కకు జరిపాడు. వేడి గాలి, దాంతో పాటు పత్తి మిల్లుల వాసన. చిక్కసూగూరు దగ్గర పడుతోంది. ముందు కరెంటు ప్లాంటు బూడిద ట్యాంకర్లు వరసగా పోతున్నాయి, వాటి వెనక బస్సు నెమ్మదిగా పాకుతోంది. ఎవరెవరికి తెలుసు? హాల్లో చప్పట్లు కొట్టినవాళ్ళలో ఎంతమందికి తెలుసు? ముందు బెంచీలో చూపు దించుకున్న ఆ మెడికల్ షాపాయనకు తెలుసా? ఇప్పుడు వెనక సీట్లలో పాటలు పెట్టుకొని కూనిరాగాలు తీస్తున్న ఈ ఆటగాళ్ళకు తెలుసా? ముసలాయన ముచ్చట తీరనీయండ్రా అని చెప్పుకున్నారా? వెనక్కి తిరిగి చూడాలంటే మెడ రాలేదు. చివరి సీట్లో హేమ ఉంది, శరణబసవ కూతురు, పది చదువుతోంది, నాన్న పాత జెర్సీ వేసుకుంది, అది ఆమెకు మోకాళ్ళ దాకా వేలాడుతోంది. ఆ పిల్ల పొద్దున హాలు కిటికీ అవతల నిలబడి అంతా చూసింది. బస్సెక్కేటప్పుడు నమస్తే అనలేదు. ఎప్పుడూ అనే పిల్ల.

అనకపోవడానికి కారణముంది. శరణబసవ పోటీకి దిగిందే హేమలాంటి ఆడపిల్లల కోసం. వాడవాడల నుంచి ఆడపిల్లలు పోగయ్యారు, బడి వెనక ముళ్ళ కంపల మధ్య బంతి తన్నుకుంటున్నారు, పొద్దున పూట మన గ్రౌండిద్దాం అధ్యక్షరే అని రెండేళ్ళుగా అడుగుతున్నాడు. గ్రౌండు ఖందకం పక్కన, కోట నీటి కాలువ కింద, ఎవరూ వాడని పొద్దున పూట ఖాళీగా ఉంటుంది, కుక్కలు పండుకుంటాయి. గోపాలయ్య ఏవో కారణాలు చెప్పాడు. ప్రహరీ లేదన్నాడు. జనం చూస్తారన్నాడు. గడ్డి పోతుందన్నాడు, గడ్డి ఉంటే కదా పోవడానికి. కారణం అది కాదు. ఇప్పుడు, ట్యాంకరు వెనక దుమ్ములో, ఒళ్ళో భార్య డబ్బా పెట్టుకొని కూర్చున్నప్పుడు, కారణం ఏందో తనకు తాను చెప్పుకోవడానికి అడ్డు ఏదీ మిగల్లేదు. ఆ ఆలోచన తనది కాదు. తనకు ముందు ఇంకొకడికి తట్టింది. అంతే. అంత చిన్న కారణానికి రెండేళ్ళు ఆ పిల్లల అరికాళ్ళల్లో ముళ్ళు దిగాయి. శరణబసవ ఈ పొద్దున వదులుకున్నది కుర్చీ ఒక్కటే కాదు, బిడ్డకిచ్చిన మాట కూడా. అది వదులుకుంటే, తాను నేర్చుకోమన్నాడు.

అంబుజ ఎట్లా పోయుంటుంది? ఆటోలో పోయుంటుంది. వాళ్ళ గల్లీ సందులోకి ఆటో పోదు, దిగి నడిచుంటుంది, ఆ మోకాళ్ళతో, ఒక చేత్తో డబ్బా, ఒక చేత్తో గోడ పట్టుకుంటూ. అరుగు మెట్లెక్కి, గుమ్మంలో చెప్పులు విడిచి. కుర్చీ అంచున కూర్చునుంటుంది, పరాయి ఇంట్లో ఎప్పుడూ అంచునే కూర్చుంటుంది. ఏమనుంటుంది? మా మనిషిని గెలవనీయి నాయినా అనుంటుందా? చేతులు పట్టుకుందా? ఈ పదవి పోతే ఆయన బతకడు అనుంటుందా? ఒక్కో మాట ఊహించుకున్న కొద్దీ చెవులు వేడెక్కుతున్నాయి. ఆ సాయంత్రం ఏం చేసింది? మంచం మీద కూర్చొని మోకాళ్ళకు నూనె రాసుకుంటోంది, అవును, గుర్తుంది, నూనె వాసన గుర్తుంది. తాను ఎదురుగా కూర్చొని, ఎవరు తన వైపో, ఎవరు శరణబసవ వైపో వేళ్ళు ముడిచి చెబుతున్నాడు. ఆమె ఊ కొడుతోంది. ఎందుకు రాసుకుంటున్నవు, ఎక్కడికన్న నడిచినవా అని అడగలేదు. అడిగే అలవాటు లేదు. పెళ్ళయినప్పటి నుంచి ఆమె ఊ కొడుతూనే ఉంది, తాను చెబుతూనే ఉన్నాడు, కార్నర్లు, పెనాల్టీలు, బళ్ళారి టీము మోసం, గుల్బర్గా రెఫరీ గుడ్డితనం. ఆమె ఒక్క మ్యాచ్ చూడలేదు. రమ్మని తాను పిలిచింది కూడా లేదు.

అసలు ఆర్నెల్ల కోసం ఎక్కిన కుర్చీ ఇది. శక్తినగర్‌లో పొగగొట్టం లేస్తున్న రోజులు. కృష్ణ ఒడ్డున ప్లాంటు కడుతున్నారని దేశం నలుమూలల నుంచి ఇంజనీర్లు వచ్చి దిగారు, క్వార్టర్లు లేవక ముందే చదును చేసిన నేలలో గోల్ కర్రలు పాతుకున్నారు. రాయచూర్ కుర్రాళ్ళకు వాళ్ళతో ఒక్క మ్యాచ్ ఆడాలని ఉబలాటం. వాళ్ళను పోగుచేసినవాడు మారెప్ప, గిల్లేసూగూరు నుంచి వచ్చి కోట గోడ కింద సైకిల్ షాపు పెట్టుకున్న మారెప్ప, కోతిలా ఎగిరే గోల్ కీపరు. ఒకరోజు గంజ్‌లో గోపాలయ్య అడ్తి దుకాణానికొచ్చి, వేరుశనగ కుప్పల మధ్య నిలబడి, పెద్దమనిషి ఎవరన్న ఉంటెగాని ఆఫీసర్లు మాట్లాడ్తలేరు, ఆర్నెల్లు మా అధ్యక్షరు కాండ్రి, అన్నాడు. గోపాలయ్య జీవితంలో బంతిని కాలితో తాకలేదు. నాయిన పోయి దుకాణం నెత్తిన పడినప్పుడు మీసం కూడా సరిగా రాలేదు, ఆడే వయసంతా తక్కెడ ముందే గడిచిపోయింది. జీపుంది, నాలుగు భాషలొచ్చు, కోటు ఒకటి ఉంది. సరే అన్నాడు. మొదటి మ్యాచ్ ప్రారంభించమని బంతి కాళ్ళ ముందు పెడితే, తన్నాడు, బంతి కదల్లేదు, చెప్పు ఎగిరి గోల్ కర్రల వైపు పోయింది. గ్రౌండంతా నవ్వింది. ఆ నవ్వులో తాను కూడా నవ్వాడు. ఆ రోజు సిగ్గనిపించలేదు. ఎంత తేలికగా ఉన్నాడు ఆ రోజు. మైదానంలో అందరికంటే తక్కువ తెలిసినవాడు తానేనని అందరికీ తెలుసు, తనకూ తెలుసు, అందుకని ఎవరికీ బాధ లేదు.

ఆ తేలికతనం ఎప్పుడు పోయింది? బహుశా మొదటి కప్పు గెలిచినప్పుడు. ఫోటో తీసే అతను, అధ్యక్షరు నడుమ కూసోవాలె అన్నాడు, కప్పు ఆయన ఒళ్ళో పెట్టండి అన్నాడు. బరువుగా, చల్లగా ఉంది కప్పు. పక్కనున్న మారెప్ప జరిగి చోటిచ్చాడు. తర్వాతి ఏడాది ఫోటోలో మారెప్ప వెనక వరసలో ఉన్నాడు, ఆపై ఏడాది చివర్న, సగం భుజమే కనిపిస్తుంది. ఎవరూ తోయలేదు. గోపాలయ్య ఎవరినీ తోసే మనిషి కాదు, మర్యాదగా జరిపే మనిషి. ఎవరైనా గొంతెత్తితే ఉపాధ్యక్షుడిని చేసేవాడు. చేసి, ఏ పనీ చెప్పేవాడు కాదు. కొత్త కీపర్లకు నేను నేర్పిస్త అని మారెప్ప వస్తే, ప్లాంటు టీములో రిటైరైన కోచ్ వస్తున్నడు, చూద్దాంలే, అన్నాడు. అంతే, మారెప్ప మళ్ళీ రాలేదు. గొడవ పడి ఉంటే మనసు మీద ఇంత బరువుండేది కాదు. ఇప్పటికీ కోట గోడ కింద పంక్చర్లు వేసుకుంటూ, గోపాలయ్య కారు పోతుంటే చెయ్యెత్తుతాడు. ఆ చెయ్యి ఇన్నేళ్ళూ సలాము అనుకున్నాడు. ఆగమని ఎత్తేవాడేమో. ఒక్కసారైనా ఆగి అడిగి ఉంటే తెలిసేది.

ట్యాంకరు పక్కకు తొలగింది. బస్సు వేగం పుంజుకుంది, వెనక కుర్రాళ్ళు ఓ అని అరిచారు. దూరాన పొగగొట్టాలు, ఒక్కొక్కటిగా, మబ్బుకు ఆనించిన నిచ్చెనల్లా. ఎన్నిసార్లు వచ్చాడు ఈ దారిన. వచ్చినప్పుడల్లా ఆ పొగగొట్టాలు కనిపించగానే ఛాతీ వెడల్పయ్యేది, అదెందుకో ఈ రోజు అవి చూస్తే అంబుజ ఆపరేషన్ గుర్తొచ్చింది. హైదరాబాదులో ఆసుపత్రి, గర్భసంచి తీసేశారు. ఆ రోజు తాను బళ్ళారిలో ఉన్నాడు, ఫైనలు. బావమరిది ఉన్నాడు కదా అనుకున్నాడు. గెలిచి, రాత్రంతా ప్రయాణం చేసి, తెల్లారి కప్పుతో సహా వార్డులోకి పోయాడు, చూడు అంబుజా అని మంచం పక్కన బల్ల మీద పెట్టాడు. ఆమె చూసింది. నవ్వింది. పెదవులు ఎండిపోయి పగిలి ఉన్నాయి, అయినా నవ్వింది. సాయంత్రానికి నర్సు ఆ కప్పులో దూది, మందు సీసాలు పెట్టింది. ఈ కథ గోపాలయ్య ఎన్ని సభల్లో చెప్పాడో. మా ఇంటామె క్లబ్బు కోసం ఎంత త్యాగం చేసిందో చూడండి, అని చెప్పి చప్పట్లు కొట్టించుకునేవాడు. ఆమె చేసిన త్యాగానికి చప్పట్లు తనకు. ఆ నవ్వు ఎలాంటి నవ్వో ఇప్పుడు, ఈ బస్సులో, ఇన్నేళ్ళకు అర్థమవుతోంది. చిన్నపిల్లవాడు చచ్చిన తూనీగను తెచ్చి చూపిస్తే తల్లి నవ్వుతుంది చూడండి, అది. అప్పటి నుంచే జాలి పడుతోంది. మొన్న శరణబసవ ఇంటికి పోయింది కొత్తగా పుట్టిన జాలితో కాదు.

బస్సు టౌన్‌షిప్ గేటు దాటింది. రోడ్డుకు రెండు వైపులా వేపచెట్ల ఆకుల మీద సన్నటి బూడిద. గ్రౌండు మాత్రం పచ్చగా, నీళ్ళు చల్లి ఉంది. షామియానా, కుర్చీల వరస, నడిమి కుర్చీ మీద తెల్ల తువ్వాలు, అది తనదే. దిగుతుంటే ప్లాంటు స్పోర్ట్స్ ఆఫీసరు చెన్నకేశవరావు ఎదురొచ్చాడు, సింధనూరు వైపు కాలువ కింద సాగు చేసే కోస్తా కుటుంబం అతనిది, మాట కూడా అటు మాటే. "రండి రండి అధ్యక్షులవారూ, మళ్ళీ ఏకగ్రీవమంట కదండీ, శుభాకాంక్షలండీ" అన్నాడు. వార్త ముందే చేరింది. గోపాలయ్య డబ్బాను చంకలో పెట్టుకొని నమస్కారం పెట్టాడు. దండ వేశారు. మైకు ఇచ్చారు. బస్సు దిగేటప్పుడే నిర్ణయించుకున్నాడు, ఇక్కడే, ఇంతమంది ముందే చెప్పేయాలి, పొద్దున పట్టింది మైకుతోనే కాబట్టి మైకుతోనే వదలాలి.

"నేను ఈ రోజుతోని అధ్యక్ష పదవి ఇడిసిపెడుతున్న. నాకన్న మంచోళ్ళున్నరు" అన్నాడు.

షామియానా కింద నవ్వులు, తర్వాత చప్పట్లు. ఎవరో, లేదు లేదు మీరే ఉండాలె, అని అరిచారు. రాయచూర్ నుంచి వచ్చిన కుర్రాళ్ళు ఆ కేకకు ఈలలు కలిపారు. చెన్నకేశవరావు చనువుగా మైకు అందుకొని, అధ్యక్షులవారు ప్రతి ఏడూ ఈ మాటనడం, మనం వద్దనడం మనకు ఆనవాయితీ కదండీ, అన్నాడు. ఇంకా నవ్వులు. నిజమే. ప్రతి ఏడూ అనేవాడు. కప్పు గెలిచినా ఓడినా, సభ చివర్లో గొంతు తగ్గించి, ఇంక నా వల్ల కాదు, వేరేవాళ్ళను చూసుకోండి అనేవాడు, అని ఆగేవాడు, వద్దు వద్దు అనే కేకలు వచ్చేదాకా తల వంచుకొని ఆగేవాడు. ఆ కేకలు ఆలస్యమైన ఏడు ఇంటికి పోయి అన్నం తినలేదు. ఇన్నిసార్లు అబద్ధంగా వాడిన మాట నిజంగా అవసరమైనప్పుడు అరిగిపోయి ఉంది, చెల్లని బిళ్ళలాగా. ఇంకోసారి చెబితే ఇంకా గట్టిగా నవ్వుతారు. దండ మెడకు గుచ్చుకుంటోంది. జనంలో ఇద్దరు చప్పట్లు కొట్టడం లేదు. మైదానం అంచు గీత దగ్గర నిలబడ్డ శరణబసవ, అతని పక్కన హేమ.

గోపాలయ్య తెల్ల తువ్వాలు కుర్చీలో కూర్చోలేదు. దండ తీసి బల్ల మీద పెట్టి, ఎండలోకి నడిచి, గీత దగ్గరికి పోయాడు. అతను రావడం చూసి హేమ నీళ్ళ సీసాలు పట్టుకొని అవతలికి పోయింది. శరణబసవ మైదానం వైపు చూస్తున్నాడు. ఇంట్లో కన్నడం, గ్రౌండులో తెలుగు, గొడవ వస్తే ఉర్దూ మాట్లాడే మనిషి, ఇప్పుడు ఏ భాషా దొరకనట్టు నిలబడ్డాడు.

"ఆమె ఏమని అడిగింది శరణూ" అన్నాడు గోపాలయ్య.

"ఏం అడగలే అధ్యక్షరే."

"నాకు తెల్వాలె. నా కోసం తప్పుకొమ్మని నిన్ను బతిమాలిందా?"

శరణబసవ అప్పుడు తిరిగి చూశాడు. "అయ్యో, అట్ల అనుకోకుండ్రి. తప్పుకొమ్మనలే. నువ్వు నిలబడు, నువ్వే గెలుస్తవు, గెలువాలె, అన్నరు. ఆ ఆడపిల్లల సంగతి కూడ అడిగి తెలుసుకున్నరు. లేచి పోయేటప్పుడు ఒక్కటే మాటన్నరు." ఆగాడు. చెప్పాలా వద్దా అని ఆగాడు. "గెలిచినంక గ్రౌండుల ఆయనకొక కుర్చీ ఉంచు నాయినా అన్నరు. ఇంట్ల కూసుంటే నాతోని ఏం మాట్లాడాల్నో ఆయనకు తెల్వదు అన్నరు."

మైదానంలో రెండు జట్లు చేతులు కలుపుకుంటున్నాయి. గోపాలయ్యకు ఆ రంగులు రెండూ ఒకటిగా కలిసిపోయి కనిపించాయి. దారి పొడుగునా ఆమె నోట్లో తాను పెట్టిన మాటలన్నీ, చేతులు పట్టుకోవడాలు, బతిమాలడాలు, అన్నీ తన మాటలు. ఆమె అలాంటిదేదీ అనలేదు. ఆమె పిల్లల పక్షాన మాట్లాడి, తన కోసం ఒక్క కుర్చీ అడిగింది. జాలి పడి తప్పుకున్నది శరణబసవ. ఆ మాట విన్నంక నిలబడబుద్ధి కాలే అధ్యక్షరే, అని అతను ఏదో చెబుతున్నాడు, నాకు మీ కుర్చీ ఒక్క ఏడు ఆలస్యమైతే ఏమైతది అనుకున్న, అంటున్నాడు. ఏమైతదో అక్కడ సీసాలు పట్టుకొని నిలబడింది. గోపాలయ్య డబ్బా అతని చేతుల్లో పెట్టాడు. ఇది నాకియ్యలే అనుకో, ఎప్పుడన్న ఇంటికొచ్చి నువ్వే అమ్మకియ్యి, సుమంగళకు కూడ చెప్పు, నాకు తెలిసిన సంగతి అంబుజకు తెల్వనీయొద్దు, అన్నాడు. శరణబసవ తలూపాడు. తర్వాత గోపాలయ్య, మైకులో కాదు కాబట్టి, చాలా మెల్లగా చెప్పాడు. ఎల్లుండి మీటింగ్ పెట్టుమన్నాడు. తాను రానన్నాడు. తాను వస్తే మళ్ళీ ఎవరో ఒకరు వద్దంటారు, తానెక్కడ ఆ మాట విని ఆగిపోతాడో తన మీద తనకే నమ్మకం లేదన్నాడు. గ్రౌండు పొద్దున పూట రేపటి నుంచే పిల్లలకియ్యమన్నాడు. మారెప్ప దగ్గరికి ఒకసారి పోయి, కీపర్ పిల్లలకు నేర్పిస్తడేమో అడుగుమని చెప్పబోయి ఆగాడు. అది తాను అడగాల్సింది.

"మ్యాచ్ చూడరా?" అన్నాడు శరణబసవ.

"లేదు" అని గేటు వైపు నడిచాడు. పిలిచి ఆపుతారేమోనని వీపు ఎదురుచూసింది, సిగ్గులేని వీపు, దానికి పాత అలవాటు పోలేదు. ఎవరూ పిలవలేదు. అందరూ బంతిని చూస్తున్నారు. గేటు అవతల రాయచూర్ బస్సుల స్టాపు, సిమెంటు బెంచీ, దాని మీద బూడిద. తువ్వాలు లేదు, అట్లాగే కూర్చున్నాడు. లోపల విజిల్ పడింది, జనం కేక లేచింది. ఖందక్ ఆడుతున్న ఫైనల్లో విజిల్ పడినప్పుడు గోడకు ఇవతల ఉండటం ఇదే మొదటిసారి. జేబులోంచి ఫోను తీశాడు. ఇంటి నంబరు నొక్కి, మోగుతుంటే, ఏం మాట్లాడాలో వెతుక్కున్నాడు. గోల్ పడిందని కాకుండా, ఓడామని కాకుండా, పోటీ పడే మాట ఏదీ కాకుండా. దొరికేలోపల ఆమె ఎత్తింది.

"అంబుజా" అన్నాడు. "మోకాళ్ళు ఎట్లున్నయి?"

అటు నుంచి కుక్కరు కూత వినిపించింది. తర్వాత ఆమె గొంతు, భయంతో సన్నబడి, "ఎవరికి దెబ్బ తగిలింది?" అన్నది.

"ఎవరికీ తగల్లే."

"మరి?"

మరి అంటే ఏం చెప్పాలి. బస్సు వస్తోంది, దాని అద్దం మీద ఎండ పడి మెరిసింది. ఇంటికొస్తున్న అని చెప్పాడు. ఇంత జల్దీ అయిపోయిందా అని అడిగింది. కాలే, ఇప్పుడే మొదలైంది అన్నాడు. ఆమె ఎందుకని అడగలేదు, స్టవ్ ఆపిన చప్పుడు వినిపించింది. పెట్టేస్తుందేమో అనుకున్నాడు.

"వచ్చేటప్పుడు వంకాయలు తెస్తరా" అన్నది అంబుజ. "ఇంట్ల కూరగాయలు ఏం లేవు."

తన ఇంటికి వంకాయలు ఎక్కడి నుంచి వస్తాయో, ఎవరు తెస్తారో, ఇద్దరికి ఎన్ని సరిపోతాయో గోపాలయ్యకు తెలియదు. ఈ వయసులో అడగాలంటే సిగ్గేసింది. బస్సు ముందుకొచ్చి ఆగింది, తలుపు తెరుచుకుంది, కండక్టరు చూస్తున్నాడు.

"ఎన్ని తేవాలె?" అని అడిగాడు.